మామకు ఎనిమిది నిమిషాలు

రాళ్ళమిట్ట,
ఉరవకొండ మండలం.
19-1-2025

చెల్లెలు రామసుబ్బమ్మకు,

నేను బాగున్నాను. గొర్రెలూ బాగున్నాయి. మీ ఇంట్లో అందరూ అలాగే ఉంటే చాలు.

నీవు పంపిన పెద్ద కవరు నిన్న వచ్చింది. మడతలు విప్పితే మంచం మీద సగం పరుచుకుంది. పెండ్లి పత్రిక అనుకున్నాను. కాదు, నీ కూతురు పెండ్లి రోజు ఎవరు ఎప్పుడు ఏం చేయాలో అచ్చు వేసిన కాగితం. కళ్ళద్దాలు తుడుచుకొని చదివినాను. గౌతమి తల దువ్వుకోవడానికి కూడా టైము వేసుకుంది. ఫోటోల కాడ నవ్వడానికి కూడా వేసుకుంది. బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్లలకు ఇవన్నీ కావాలేమో.

అందులో నా పేరు ఉంది. "మేనమామ ప్రవేశం, ఎనిమిది నిమిషాలు" అని. పెండ్లికూతురిని గొడుగు కింద నడిపించుకొని వేదిక మీదికి రావాలంట. పాట, పూలు, పొగ అని రాసినారు. పొగ ఎందుకో తెలియలేదు. దోమలకా.

నేను చదువుతుండగానే పక్కింటి పుల్లన్న వచ్చి కాగితం లాక్కున్నాడు. వానికి సిగ్గు లేదు, నీకు తెలుసు కదా. "ఏమప్పా కుళ్ళాయప్పా, పొగలో నడిచే యోగం నీకు పట్టినాది. ఆ ముఖానికి ఎందుకు, నాకైనా ఇయ్యకూడదా?" అన్నాడు. ఊరంతా చెప్పుకొచ్చినాడు కూడా.

ఎనిమిది నిమిషాలా సుబ్బమ్మా. తగ్గించమని చెప్పు. వీలైతే తీసేయమని చెప్పు. నేను వెనక ఎక్కడో కూర్చుంటాను.

కంకణం నేను తెస్తాను.

అన్న
కుళ్ళాయప్ప

ఫోను చేయవద్దు. ఫోనులో నాకు మాట రాదు.


గోరంట్ల,
24-1-2025

అన్నకు రామసుబ్బమ్మ నమస్కారాలు.

నీ జాబు చదివి మీ బావకు అన్నం సయించలేదు. కంచం ముందే చేయి కడుక్కున్నాడు. "మీ అన్న అలిగినాడు. ఎనిమిది నిమిషాలా అని అడిగినాడు చూడు. పెండ్లికొడుకు మేనమామకు పది ఇచ్చి మనోళ్ళకు ఎనిమిది ఇస్తే అలగడా?" అన్నాడు. నేను కాదన్నాను. మా అన్న అలాంటివాడు కాదన్నాను. తర్వాత నీ జాబు మళ్ళీ చదివినాను. "తీసేయమని చెప్పు, వెనక కూర్చుంటాను" అన్న మాట దగ్గర నాకూ అనుమానం వచ్చింది.

అన్నా, పెండ్లిలో మేనమామలు అలుగుతారని నాకు తెలియనిదా. మన తిప్పయ్య మామ నా పెండ్లిలో ఏం చేసినాడు? పంచె అంచు సన్నగా ఉందని బండి కింద పడుకొని పందిట్లోకి రానే లేదు. అమ్మ పోయి కాళ్ళు పట్టుకుంటే ముహూర్తం దాటినాక లేచినాడు. ఆ మాట ఇప్పటికీ మా అత్తగారి వైపు వాళ్ళు ఎత్తుతారు. అది మళ్ళీ జరగకూడదని నా బాధ. పెండ్లికొడుకు వీరేష్ వాళ్ళ వైపు జనం ఎక్కువ. మేనమామ మొహం ముడుచుకొని మూల కూర్చుంటే, కూతురికి దిక్కు లేదా అంటారు.

అందుకని గౌతమితో కొట్లాడి నీది పదిహేను నిమిషాలు చేయించినాను. పెండ్లికొడుకు మేనమామ కంటే ఎక్కువ. కాగితం మళ్ళీ అచ్చు వేయాల్సి వచ్చిందని గౌతమి రుసరుసలాడింది. ఈ పనులన్నీ చూడటానికి బెంగుళూరు నుంచి నిఖిత అనే ఈవెంటు పిల్లను పెట్టుకుంది. ఆ పిల్లకు నీ చొక్కా కొలతలు కావాలంట. అందరూ ఒకే రంగు వేసుకోవాలి. నీకు గులాబి రంగు.

కంకణం నీవు తేవద్దు. పెండ్లి కిట్టు అని వస్తుంది, పసుపు కొమ్ముతో సహా కంకణాలు అందులోనే ఉంటాయి. నీకు శ్రమ ఎందుకు.

ఇప్పుడైనా సంతోషమేనా, రాయి.

చెల్లెలు
రామసుబ్బమ్మ


రాళ్ళమిట్ట,
30-1-2025

సుబ్బమ్మకు,

తగ్గించమంటే పెంచినావు.

నేను అలగలేదు. తగ్గించమంటే తగ్గించమనే. బావకు చెప్పు, అన్నం తినమను.

గులాబి రంగు చొక్కా అని పుల్లన్నకు తెలియకుండా ఉండాల్సింది. జాబు నా చేతిలో ఉంటే వాడు వెనక నిలబడి చదువుతాడు. రచ్చకట్ట మీద నన్ను గులాబీ అని పిలుస్తున్నారు.

నల్ల గొర్రెపిల్లకు మొదటిసారి బొచ్చు కత్తిరించినాము. మెత్తగా వచ్చింది. ఉన్ని వడికే కదురు బయటికి తీసినాను. చాలా రోజులైంది దాన్ని పట్టుకొని. చేయి మరిచిపోలేదు.

కిట్టులో కంకణం ఉంటే సరే.

అన్న
కుళ్ళాయప్ప


గోరంట్ల,
4-2-2025

అన్నా,

"సరే" అంటే ఏమి అర్థం? నీవు సరే అన్నావంటే లోపల ఏదో ఉందని అమ్మ ఎప్పుడూ అనేది. మీ బావ ఆ కాగితాన్ని దీపానికి పెట్టి చూసినట్టు చూస్తున్నాడు, ఇంకేమైనా కనబడుతుందేమోనని. "అలగలేదు అని రాసినాడంటే అలిగినట్టే" అని తేల్చినాడు. మా ఇంట్లో ఇదే పంచాయితీ. పెండ్లి పనులు ఎవరూ చేయడం లేదు, అందరూ నీ జాబులు చదువుతున్నారు.

గొర్రెపిల్ల బొచ్చు సంగతి ఎందుకు రాసినావో నాకు అర్థమైంది. ఉన్ని కంకణం కట్టాలని నీ మనసులో ఉంది. మన ఇంట్లో మేనమామ వడికిన ఉన్ని దారమే పిల్ల చేతికి కట్టేది, నేను కాదనడం లేదు. కానీ అన్నా, వీరేష్ వాళ్ళు నూలు కంకణం కట్టుకునేవాళ్ళు. పూజారిని అడిగితే నల్లది వద్దన్నాడు. నిఖిత అయితే నల్ల దారం వీడియోలో మురికిలాగా పడుతుంది అన్నది. నేను ఎంతమందితో చెప్పి ఒప్పించేది? నాకు రోజూ బీపీ మాత్ర వేసుకోవడానికే తీరిక లేదు.

దాని బదులు నీకు ఏ లోటూ లేకుండా చేస్తున్నాను. మండపం గేటు నుంచి గుర్రపు బండి మీద నిన్ను తీసుకొస్తారు. దిగినాక సన్మానం. శాలువా, పూలదండ. తర్వాత మైకు నీ చేతికి ఇస్తారు, గౌతమి చిన్నప్పటి సంగతులు రెండు మాటలు చెప్పాలి. అటు వీరేష్ మేనమామ తన ప్రవేశానికి డ్యాన్సు నేర్చుకుంటున్నాడంట. నీకు డ్యాన్సు పెట్టలేదు. అంతవరకు ఆపినాను.

ఇంత చేసినాక కూడా నీకు ఏం తక్కువైందో నాకు తెలియడం లేదు. ఇద్దరం పుట్టిన కడుపు ఒకటే కదా, నాతో చెప్పుకోలేవా?

చెల్లెలు
రామసుబ్బమ్మ


రాళ్ళమిట్ట,
9-2-2025

సుబ్బమ్మకు,

గుర్రం వద్దు.

మైకు అసలే వద్దు.

పెండ్లికి వస్తాను. పుల్లన్నా వస్తానంటున్నాడు, ఒక ఆకు ఎక్కువ వేయించు.

అన్న


గోరంట్ల,
13-2-2025

అన్నకు,

కార్డు చూసినాను. పోస్టాయన ముందే చదువుకొని "గుర్రం వద్దంట కదమ్మా" అని నవ్వుతూ ఇచ్చిపోయినాడు.

గుర్రం వద్దంటే కారు కావాలా? కారు అయినా పెడతాను. బండి వాడికి బయానా ఇచ్చినాం, అది పోతే పోనీ. కానీ నీవు ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మేము ఏమని అనుకోవాలి? మీ బావ, "పెండ్లికి వస్తాడంట, కానీ పెండ్లిలోకి రాడంట. ఇది తిప్పయ్య మామ కంటే పెద్ద అలక" అంటున్నాడు. నేను ఏడ్చినాను అన్నా. కూతురి పెండ్లి పెట్టుకొని వంటింట్లో నిలబడి ఏడ్చినాను. నా కళ్ళ ముందు గౌతమికి కాబోయే అత్తగారు "మేనమామ ఏడమ్మా?" అని అడుగుతున్నట్టే ఉంది.

గౌతమి వచ్చి ఏమైందంటే నీ జాబులన్నీ ముందర పెట్టినాను. మొదటి నుంచి చదివింది. "కంకణం తెస్తానని మామ మొదటి జాబులోనే రాసినాడు, నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది. కిట్టు నీవే కదా ఆర్డరు పెట్టింది, ఇంక చెప్పేదేముంది అన్నాను. ఊ అని జాబులు మడిచి లోపలికి పోయింది. ఇప్పుడు అది కూడా నీ మాదిరి తయారైంది.

పెండ్లి ఇరవై మూడో తేదీ ఆదివారం. నీ పదిహేను నిమిషాలు అలాగే ఉన్నాయి. నీ పేరు పిలుస్తారు. తలుపు తెరుస్తారు. నీవు రావాలి. రాకపోతే నా తల వాళ్ళ ముందు ఎత్తుకోలేను, ఇది మాత్రం గుర్తు పెట్టుకో.

నీకు ఏం కావాలో ఒక్కసారైనా నోరు తెరిచి రాయి. పేజీ నిండా రాయి. నేను చచ్చేలోగా నీ దగ్గర నుంచి ఒక నిండు పేజీ చూడాలి.

రామసుబ్బమ్మ


రాళ్ళమిట్ట,
17-2-2025

చెల్లెలు సుబ్బమ్మకు,

పేజీ నిండా రాయమన్నావు. రాస్తున్నాను. పుల్లన్న చూడకుండా గొర్రెల దొడ్డిలో కూర్చొని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నేను అలగలేదు. అలగడం నా చేత కాదు. అలగాలంటే నలుగురూ చూడాలి, వచ్చి బతిమాలాలి. ఆ నలుగురూ చూడటమే నాకు పడదు.

నేను బడికి పోయిన నాలుగేళ్ళలో అయ్యవారు నన్ను లేపి పద్యం చెప్పమంటే ఒక్కసారి కూడా చెప్పలేదు. వచ్చేది. నోట్లోంచి రాలేదు. అందుకే మానేసినాను, గొర్రెల కోసమని నాయన చెప్పుకున్నాడు. బీరప్ప జాతరలో ఒకసారి డప్పు నా మెడలో వేసినారు. పుల్ల కింద పడింది. వంగి తీసుకుంటే మళ్ళీ పడింది. నా గొర్రెలు రెండు వందలున్నప్పుడు కూడా కాలు విరిగిన ఒక్కదానికీ కట్టు తప్పుగా కట్టలేదు. జనం చూస్తే మాత్రం నా చేతులు నావి కావు.

కంకణం ముడి ఊడిపోకూడదు సుబ్బమ్మా. పిల్ల చేతికి మేనమామ వేసే ముడి. ఆ వేదిక మీద, ఆ పొగలో, అంతమంది ముందు నా చేతులు వణుకుతాయి. ముడి పడదు. పడినా నిలవదు. అది అందరి ముందూ ఊడి కింద పడితే నీ తల ఏమవుతుంది, పిల్ల మనసు ఏమవుతుంది. మొదటి జాబు నుంచి నా భయం ఇదొక్కటే. ఎనిమిది తక్కువా, పదిహేను ఎక్కువా అని కాదు.

తిప్పయ్య మామ సంగతి రాసినావు. ఆయన బండి కింద పడుకొని ఉంటే ఆ రోజు నీకు కంకణం ఎవరు కట్టినారో మరిచిపోయినావు. నేనే. మామ లేవకపోతే అమ్మ ఆ దారం నా చేతిలో పెట్టింది. గడ్డివాము వెనకకు పిలిచి కట్టినాను. నీవు వేరుశనక్కాయలు తింటూ ఇంకో చేయి ఇచ్చినావు. ఎవరూ చూడలేదు. ఆ ముడి పదహారో దినం వరకు ఉంది. విప్పడానికి నేనే రావాల్సి వచ్చింది.

నాకు కావాల్సింది అంతే. జనం రాకముందు, ఏ మూలనో, నేనూ పిల్లా. దారం వడికి ఉంచినాను. నూలుది కూడా కట్టుకోమను, నాది దాని కింద కనబడకుండా ఉంటుంది. నాకు నిమిషం చాలు. ఆ పదిహేను వీరేష్ మేనమామకు ఇవ్వు, డ్యాన్సు చేసుకుంటాడు.

పేజీ నిండింది.

అన్న
కుళ్ళాయప్ప


గోరంట్ల,
26-2-2025

అన్నకు,

నేను రాస్తున్న ఆఖరి జాబు ఇదే అనుకో.

పేజీ నిండా రాయమని ప్రాధేయపడినాను. ఒక్క ముక్క రాయలేదు. పెండ్లి ముందు రోజు వరకూ పోస్టాయన కోసం చూసినాను.

నీవు మండపానికి వచ్చినావని నాకు తెలుసు. చేతులు కడుక్కునే కాడ నీ తలగుడ్డ కనబడింది. వద్దామంటే గౌతమి అత్తగారు కొంగు వదలలేదు. సరే, ముందే వచ్చినాడు, అలక తీరింది అనుకున్నాను.

తర్వాత ఏం జరిగిందో నీకు తెలియకపోతే చెబుతాను. మైకులో "పెండ్లికూతురి మేనమామ శ్రీ కుళ్ళాయప్ప గారు" అన్నారు. పాట వేసినారు. తలుపు తెరిచినారు. పొగ వచ్చింది. ఆ పొగలో నుంచి గులాబి చొక్కా, గొడుగు, పక్కన నా కూతురు. నా కళ్ళల్లో నీళ్ళు. పొగ పలచబడితే చూస్తిని కదా, పుల్లన్న.

పుల్లన్న, అన్నా. రెండు చేతులూ ఎత్తి అందరికీ దండాలు పెట్టుకుంటూ వస్తున్నాడు. పూలు చల్లుతుంటే ఇంకా చల్లమని చెయ్యి ఊపుతున్నాడు. మీ బావ కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. లేచి కాదంటే ముహూర్తం ముందు గలాటా అవుతుంది. శాలువా వానికే కప్పినారు. దండ వానికే వేసినారు. మైకు ఇచ్చినారు. రెండు మాటలు చెప్పమంటే, గౌతమిని తొట్టెలో ఊపిన కాడ నుంచి మొదలుపెట్టినాడు. వాడు దాన్ని ఎప్పుడైనా చూసినాడా? పదిహేను నిమిషాలు దాటిపోయినాయి. పూజారి వచ్చి మైకు పీక్కుంటే గానీ తాళి కట్టే పని కాలేదు.

నిఖితను నిలదీస్తే, "వెనక ఇద్దరు పెద్దాయనలు ఉన్నారు ఆంటీ, ఎవరని అడిగితే ఆయనే నేనన్నాడు" అంటుంది. వాళ్ళత్తగారు "మీ అన్న భలే హుషారమ్మా, మా వైపు ఇట్లాంటోళ్ళు లేరు" అని మెచ్చుకుంది. నేను అవునన్నాను. ఇంకేమనేది?

వీడియో వచ్చినా అంతా పుల్లన్నే ఉంటాడు. ఆల్బంలో నా పక్కన పుల్లన్నే. నా మనవళ్ళు రేపు చూసి ఇతనే మా అమ్మ మేనమామ అనుకుంటారు. నీకు ఇంత పట్టుదల ఎందుకు వచ్చింది? నేనేం చేసినాను?

రామసుబ్బమ్మ


రాళ్ళమిట్ట,
27-2-2025

సుబ్బమ్మకు,

క్షేమంగా చేరినాము. పెండ్లి బాగా జరిగింది. వంకాయ కూర బాగుంది. ఓళిగలు పుల్లన్న మూడు తిన్నాడు, నేను ఒకటి.

నా జాబు అందింది కదా.

అన్న


గోరంట్ల,
4-3-2025

అన్నా,

అందలేదు. మొన్న అందింది.

మేము మండపంలో ఉన్నప్పుడు పోస్టాయన తలుపు సందులో తోసిపోయినాడు. చాప కిందికి జారింది. ఇల్లు కడగడానికి చాప ఎత్తితే నీ నిండు పేజీ. చీపురు పక్కన పెట్టి అక్కడే కూర్చొని చదివినాను. ఇంతలో వంకాయ కూర కార్డు వచ్చింది.

గౌతమికి ఫోను చేసినాను. అప్పుడు గానీ బయటపడలేదు అది. పెండ్లికి నాలుగు దినాల ముందు నీకు ఫోను చేసిందంట. "మామా, నీవు మాట్లాడొద్దు. నేను చెప్తా, నీవు ఊ అను చాలు" అన్నదంట. పొద్దున్నే, ఎవరూ లేవకముందు, మండపం వెనక నీళ్ళ ట్యాంకరు చాటున ఉంటానని చెప్పిందంట. నీవు ఊ అన్నావంట. ఇంత పెద్ద కుట్ర ఇద్దరూ ఒక ఊతో చేసినారు.

"మరి నాకు చెప్పకూడదా?" అని అడిగినాను. "చెప్తే నీవు ఆడ కూడా ఒక కుర్చీ ఏసి, ఒక శాలువా తెచ్చుంటావుమా" అన్నది. నాకు కోపం రాలేదు. తెచ్చే ఉండేదాన్ని.

పసుపు నీళ్ళు పోసుకొని తడి జుట్టుతో వచ్చి చేయి చాపినానని చెప్పింది. మామ కిందికే చూస్తూ కట్టినాడు, చేయి అసలు వణకలేదు అన్నది. పూజారి నూలుది దాని మీదే కట్టినాడు, గాజులు అడ్డం ఉంటే ఎవరికీ కనబడలేదు. నూలుది నాలుగో రోజుకే తెగి పడిపోయిందంట. నీది ఉంది. ముడి భలే గట్టిగా పడిందమ్మా, గోరు కూడా దూరడం లేదు అన్నది. ఆఫీసులో అడిగితే మా మామ కట్టినాడని చెబుతోంది. వీరేష్ పాపం తనకెందుకు లేదని అడుగుతున్నాడు.

గడ్డివాము సంగతి నేను మరిచిపోలేదు అన్నా. మరిచిపోయినాననే అనుకున్నాను. నీవు వేరుశనక్కాయలు అని రాసేసరికి వాటి రుచి కూడా వచ్చింది. అప్పుడు నీవు ఎవరైనా వస్తున్నారేమోనని రెండుసార్లు తల ఎత్తి చూసినావు. నేను నవ్వినాను.

పదహారు దినాలు నిండినాక వచ్చే ఆదివారం వాళ్ళిద్దరూ నీ దగ్గరికి వస్తారు. నీవు కట్టింది నీవే విప్పాలంట, గౌతమి పట్టు పట్టింది. కాగితం అచ్చు వేయించనా అని అడిగితే ఫోను పెట్టేసింది. ఎట్లా జరగాలో నీవే చెప్పు. ఈసారి నీవు ఒక్క ముక్క రాసినా నేను ఉన్నది ఉన్నట్టే చదువుతాను. మీ బావకు చూపించను.

ఒక్కటి మాత్రం చెప్పు. పుల్లన్నను పంపింది నీవేనా?

చెల్లెలు
సుబ్బమ్మ


రాళ్ళమిట్ట,
8-3-2025

చెల్లెలు సుబ్బమ్మకు,

నేను పంపలేదు. ఆ చెవిలో మైకు పెట్టుకున్న పిల్ల వచ్చి "మీలో కుళ్ళాయప్ప ఎవరు?" అని అడిగింది. నేను పుల్లన్న వైపు చూసినాను. అంతే చేసినాను. చొక్కా విప్పి ఇవ్వమన్నాడు, ఇచ్చినాను.

వాడు ఆ శాలువా ఇంకా తీయలేదు. ఎండలో కూడా కప్పుకొని తిరుగుతున్నాడు. వీడియో వస్తే ఒకటి తనకు కావాలంటున్నాడు. ఇయ్యి. నాకు వద్దు.

ఎట్లా జరగాలో చెప్పమన్నావు. పిల్లలు రావాలి. ముద్దా పప్పూ తినాలి. సాయంత్రం గొర్రెలు దొడ్డిలోకి వచ్చినాక కంకణం విప్పుతాను. టైములు వేయలేదు. నీవూ బావా రండి. ఇంకెవరికీ చెప్పవద్దు. పుల్లన్న ప్రవేశం మాత్రం ఆపడం నా చేత కాదు, పక్కిల్లే కదా.

వీరేష్ అడిగినాడని రాసినావు. ఉన్ని మిగిలి ఉంది. కదురు లోపల పెట్టలేదు.

ముడి గట్టిగా పడిందని పిల్ల అన్నదని రాసినావు. ఆ మాట ఇంకోసారి రాయి.

అన్న
కుళ్ళాయప్ప